ఇన్సులిన్ తీసుకునే పిల్ల పరుగెత్తకూడదా?

పాలమూరు ప్రాంతంలో ఒక బాలికల గురుకులంలో నేను వ్యాయామ ఉపాధ్యాయురాలిని. మా దగ్గర 400 మీటర్లు పరుగెత్తే ఒక అమ్మాయికి టైప్ 1 మధుమేహం ఉంది. మూడు పూటలా భోజనానికి ముందు ఒక్కో సూది, పడుకోబోయే ముందు ఇంకొకటి. అన్నీ తనే వేసుకుంటుంది. ఆ సూదిలో ఉండే ఇన్సులిన్, ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) ఏటా ప్రకటించే నిషేధిత పదార్థాల జాబితాలో ఉంది. పోటీ రోజున మాత్రమే కాదు, ఏడాది పొడవునా నిషేధమే.

ఈ మాట తెలిసిన రోజున చాలామంది తల్లిదండ్రులు పిల్లను మైదానం మాన్పించేస్తారు. మరికొందరు శిక్షకులు "ఎవరికీ చెప్పకు, చిన్న పోటీలే కదా, ఎవరు పరీక్షిస్తారు" అని దాచమంటారు. రెండూ పిల్లకు చేసే అన్యాయమే. బతకడానికి మందు అవసరమైన క్రీడాకారులకు నియమాల్లోనే దారి ఉంది. ఆ దారి మన చిన్న ఊళ్లలో ఎక్కడ మూసుకుపోతుందో దగ్గరగా చూశాను కాబట్టి ఇదంతా రాస్తున్నాను.

ముందు ఇన్సులిన్ సంగతి. రక్తంలోని గ్లూకోజును కండరాల్లోకి పంపేది అదే, కండరంలోని ప్రోటీన్ కరిగిపోకుండా ఆపేదీ అదే. ఒంట్లో సరిపడా ఇన్సులిన్ ఉన్న మనిషి పైనుంచి ఇంకా ఎక్కించుకుంటే ప్రాణాపాయం కొనితెచ్చుకున్నట్టే. అయినా కండ పెంచుకోవాలన్న యావలో ఆ పని చేసేవాళ్లు ఉన్నారు. అందుకే ఆ నిషేధాన్ని నేను తప్పుపట్టను. మా అమ్మాయి క్లోమం మాత్రం ఇన్సులిన్ తయారు చేయడం ఎప్పుడో మానేసింది. పక్క వరుసలో పరుగెత్తే పిల్లకు ఒంట్లో ఊరుతున్నదే ఈమెకు సూది ద్వారా అందుతోంది.

ఈ తేడాను గుర్తించడానికి పెట్టిన ఏర్పాటు పేరు చికిత్సా వినియోగ మినహాయింపు. క్రీడల్లో అందరూ టీయూఈ అంటారు. జాతీయ స్థాయి క్రీడాకారులు మన దేశంలో దీనికోసం ఢిల్లీలోని జాతీయ డోపింగ్ నిరోధక సంస్థకు, అంటే నాడాకు, దరఖాస్తు చేయాలి. అంతర్జాతీయ స్థాయికి ఎదిగినవాళ్లు తమ క్రీడకు చెందిన అంతర్జాతీయ సమాఖ్యను అడగాలి. దరఖాస్తును వైద్యుల కమిటీ చదువుతుంది. వాళ్లు చూసేవి నాలుగు. జబ్బు ఉన్నట్టు వైద్యపరమైన ఆధారం ఉందా? ఆ మందు మనిషిని మామూలు ఆరోగ్యానికి తీసుకురావడంతో ఆగుతుందా, అంతకుమించి బలం ఇస్తుందా? ఆ జబ్బుకు అదే తగిన చికిత్సా, నిషేధం లేని మరో మందుతో పని జరగదా? గతంలో అనుమతి లేకుండా నిషేధిత మందు వాడటం వల్లే ఇప్పుడు ఈ అవసరం వచ్చిందా? నాలుగింటికీ సరైన సమాధానం ఉంటేనే అనుమతి. టైప్ 1 మధుమేహానికి ఇన్సులిన్ తప్ప వేరే మందు లేదు. కాబట్టి మా అమ్మాయి దరఖాస్తు తేలికగా నెగ్గాల్సినది. నెగ్గింది కూడా. కానీ దరఖాస్తు ఢిల్లీకి చేరేలోపు మా ఊళ్లో పడిన తిప్పలే ఎక్కువ.

మొదట ఆమెకు వైద్యం చేస్తున్న డాక్టరు గారిని ఉత్తరం రాసివ్వమని అడిగాం. ఆయన మంచి మనిషి, ఫీజు కూడా తీసుకోలేదు. తన లెటర్‌హెడ్ మీద మూడు వాక్యాలు రాసిచ్చారు: ఈ అమ్మాయికి చక్కెర వ్యాధి ఉంది, ఇన్సులిన్ వాడుతోంది, ఆటల్లో పాల్గొనవచ్చు. బడిలో క్రీడా దినోత్సవానికి అది చాలు. కమిటీ ముందు అది నిలవదు. వాళ్లకు కావలసింది ఆరోగ్య ధ్రువపత్రం కాదు, జబ్బు చరిత్ర. ఎప్పుడు బయటపడింది, ఏ లక్షణాలతో, ఏ పరీక్షలు చేశారు, వాటి ఫలితాలు ఏమిటి, మందు అసలు పేరు ఏమిటి, ఎన్ని యూనిట్లు, రోజుకు ఎన్నిసార్లు, ఏ మార్గంలో, ఎంతకాలం వాడాలి, వేరే మందు ఎందుకు పనికిరాదు. చివర డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు.

ఆ పాత కాగితాల కోసం వాళ్ల నాన్న ఇల్లంతా వెతికాడు. ఒక బట్టల దుకాణం సంచీలో దొరికాయి. చిన్నప్పుడు స్పృహ తప్పి ప్రభుత్వ ఆసుపత్రిలో చేరినప్పటి డిశ్చార్జి చీటీ నాలుగు మడతల్లో ఉంది. మడత పడినచోట కాగితం చిరిగి, సరిగ్గా జబ్బు పేరు రాసిన వరుస మీదుగా పోయింది. 'డయాబెటిక్ కీటో' వరకు కనిపిస్తోంది, మిగతాది లేదు. అదృష్టం కొద్దీ అప్పటి రక్త పరీక్ష కాగితం విడిగా ఉంది. అందులో గ్లూకోజు, కీటోన్లు రెండూ అచ్చులో ఉన్నాయి. దానికి తోడు ఇప్పటి హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు చక్కెర చూపించేది), సీ-పెప్టైడ్ పరీక్షలు చేయించాం. సీ-పెప్టైడ్ అంటే శరీరం సొంతంగా ఇన్సులిన్ ఎంత తయారు చేస్తోందో చూపించే పరీక్ష. ఆమెకు దాదాపు ఏమీ లేదని వచ్చింది. డాక్టరు గారు రెండోసారి కూర్చుని వివరంగా రాశారు. ఆ రెండో ఉత్తరం చదువుతుంటే ఆ పిల్ల రోజూ ఎంత లెక్కతో బతుకుతోందో నాకే కొత్తగా తెలిసింది. హాస్టల్లో అన్నం పెట్టడం అరగంట ఆలస్యమైతే ఏమవుతుందో, వేగంగా పరుగెత్తిన వెంటనే చక్కెర ఎందుకు పెరుగుతుందో, గంటల తరబడి సాధన చేసిన రాత్రి ఎందుకు పడిపోతుందో, అన్నీ అందులో ఉన్నాయి.

ఆమెకు పద్దెనిమిదేళ్లు నిండలేదు కాబట్టి తండ్రి సంతకం కావాలి. ఆయన పెన్ను పట్టుకుని చాలాసేపు ఆగాడు. "మేడమ్, దీని మీద సంతకం పెడితే మా పిల్ల తప్పు చేసిందని మేమే రాసిచ్చినట్టు అవదు కదా?" అని అడిగాడు. డోపింగ్ అన్న మాట ఆ కాగితం మీద ఉంది మరి. టీవీలో ఆ మాట వినబడినప్పుడల్లా దొంగతనం చేసి పట్టుబడినట్టే చూపిస్తారు. ఆయన భయంలో అర్థం ఉంది. "లేదన్నా, తప్పు చేయలేదని ముందే చెప్పే కాగితం ఇది" అన్నాను. సంతకం పెట్టాడు.

సిగ్గుపడాల్సిన పని లేదని ఆయనకు చెప్పడానికి నా దగ్గర ఒక ఉదాహరణ ఉంది. 2016లో రియో ఒలింపిక్స్ ముగిశాక హ్యాకర్లు వాడా సమాచార వ్యవస్థలోకి చొరబడి పలువురు క్రీడాకారుల టీయూఈ పత్రాలు బయటపెట్టారు. అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ వాటిలో ఒకరు. ఆ ఒలింపిక్స్‌లో నాలుగు స్వర్ణాలు గెలిచిన అమ్మాయి. ఏకాగ్రతకు సంబంధించిన ఏడీహెచ్‌డీ అనే సమస్యకు ఆమె చిన్నప్పటి నుంచి మందు వాడుతోంది, అనుమతితోనే వాడుతోంది. నాకు ఏడీహెచ్‌డీ ఉంది, దానికి మందు వాడటంలో సిగ్గుపడేది ఏమీ లేదు అని ఆమె బహిరంగంగానే చెప్పింది. తన జబ్బు గురించి ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో నిర్ణయించుకునే హక్కును దొంగలు లాక్కున్నారు. అయినా ఆమె తలవంచలేదు. టీయూఈ సమాచారం గోప్యం. కమిటీలోని వైద్యులు కూడా దాన్ని బయట చెప్పకూడదు. మా అమ్మాయి గురించి ఇక్కడ రాయడానికి ఆమె, వాళ్ల నాన్న ఒప్పుకున్నారు. పేరు, ఊరు లేకుండా రాయమన్నారు.

కాగితం మీద ఇంత పట్టుదల ఎందుకని అడిగేవాళ్లకు నేను రిక్ డిమాంట్ కథ చెబుతాను. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్. పదహారేళ్ల అమెరికన్ ఈతగాడు, చిన్నప్పటి నుంచి ఉబ్బసం. 400 మీటర్ల ఫ్రీస్టైల్‌లో సెకనులో వందో వంతు తేడాతో గెలిచాడు. తర్వాత పరీక్షలో ఎఫెడ్రిన్ అనే నిషేధిత పదార్థం దొరికింది. ఉబ్బసానికి డాక్టరు రాసిచ్చిన మందులో ఉన్నదే అది. ఆ మందు వాడుతున్నానని అతను వైద్య పత్రంలో ముందే రాసిచ్చాడు. జట్టు వైద్యులు ఆ సంగతిని ఒలింపిక్ కమిటీ దాకా తీసుకెళ్లలేదు. పతకం వెనక్కి తీసుకున్నారు, 1500 మీటర్ల ఫైనల్లో దిగనివ్వలేదు. మరుసటి ఏడాది బెల్‌గ్రేడ్‌లో ప్రపంచ పోటీల్లో 400 మీటర్లను నాలుగు నిమిషాల లోపు ఈదిన తొలి మనిషి అయ్యాడు. అతను మందు సంగతి సరిగానే తెలియజేశాడని అమెరికా ఒలింపిక్ కమిటీ ఒప్పుకున్నది 2001లో. పతకం మాత్రం తిరిగి రాలేదు. అప్పట్లో టీయూఈ వంటి పద్ధతి లేదు. ఇప్పుడు ఉంది. అయినా పెద్దవాళ్ల అలసత్వానికి పిల్లలు మూల్యం చెల్లించే పరిస్థితి పూర్తిగా పోలేదు.

ఇక్కడ ఒక విషయం శిక్షకులకు ప్రత్యేకంగా చెప్పాలి. పరీక్ష సమయంలో నింపే ఫారంలో గత ఏడు రోజుల్లో వాడిన మందులు రాయమంటారు. అందులో రాసేశాం కాబట్టి సరిపోయిందని కొందరు అనుకుంటారు. సరిపోదు. మందు పేరు రాయడం వేరు, అనుమతి ఉండటం వేరు.

ఇన్సులిన్ కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది దగ్గు మందు. మధుమేహం ఉన్న పిల్ల విషయంలో అందరూ జాగ్రత్తగా ఉంటారు. దగ్గు వస్తే ఎవరూ డాక్టరు దగ్గరికి కూడా వెళ్లరు, మందుల షాపులో అడిగి సీసా తెచ్చుకుంటారు. మన దగ్గర అమ్మే దగ్గు మందుల్లో చాలావాటిలో ఊపిరి గొట్టాలను తెరిచే టెర్బ్యుటలిన్ కానీ సాల్బ్యుటమాల్ కానీ కలిసి ఉంటుంది. టెర్బ్యుటలిన్ ఏ రూపంలోనైనా నిషేధం. సాల్బ్యుటమాల్ ఇన్‌హేలర్ ద్వారా పరిమితిలో తీసుకోవచ్చు, సిరప్‌గా, మాత్రగా తీసుకోకూడదు. 2017 మార్చిలో యూసుఫ్ పఠాన్ నమూనాలో దొరికింది టెర్బ్యుటలినే. దగ్గు మందు ద్వారా వెళ్లిందని బీసీసీఐ ఒప్పుకుంది, అయినా ఐదు నెలల నిషేధం పడింది. 2019 ఫిబ్రవరిలో ఇండోర్‌లో సయ్యద్ ముస్తాక్ అలీ టోర్నీ సమయంలో ఇచ్చిన నమూనాతో పృథ్వీ షాకూ అదే మందు వల్ల ఎనిమిది నెలలు పడింది. అప్పటికి అతని వయసు 19. వెంట వైద్యులు ఉండే క్రికెటర్లకే ఇలా అయితే, హాస్టల్ పిల్లకు షాపులో సీసా చేతికిచ్చినప్పుడు ఎవరు హెచ్చరిస్తారు?

ఉబ్బసం ఉన్న పిల్లలకు నేను చెప్పే లెక్క ఇది. సాల్బ్యుటమాల్ ఇన్‌హేలర్ ఒక పీల్పుకు సాధారణంగా 100 మైక్రోగ్రాములు. 24 గంటల్లో 1600, ఏ ఎనిమిది గంటల వ్యవధి తీసుకున్నా 600 మైక్రోగ్రాములు దాటకూడదు. అంటే ఎనిమిది గంటల్లో ఆరు పీల్పులు. మామూలుగా వాడేవాళ్లకు ఇది చాలు, టీయూఈ అవసరం లేదు. కానీ ఆయాసం ఎక్కువై ఆసుపత్రిలో నెబులైజర్ పెడితే ఒక్క మోతాదే 2.5 మిల్లీగ్రాములు, అంటే 2500 మైక్రోగ్రాములు. అప్పుడు టీయూఈ కావాలి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎవరూ ఫారం కోసం ఆగరు, ఆగకూడదు కూడా. అత్యవసర చికిత్స జరిగాక దరఖాస్తు చేసుకునే వెసులుబాటు నియమాల్లోనే ఉంది. ఆసుపత్రి కాగితాలు జాగ్రత్తగా తెచ్చుకుంటే చాలు.

సెలైన్ మాట కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది మన ప్రాంతపు అలవాటు. జ్వరం వచ్చినా, నీరసంగా ఉన్నా "ఒక సెలైన్ ఎక్కించండి" అంటాం. ఎక్కించకపోతే వైద్యం సరిగా చేయలేదంటాం. పోటీలకు ముందు పిల్లలు డీలాపడితే ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికి తీసుకెళ్లి సీసా పెట్టించే తల్లిదండ్రులను నేను చూశాను. వాళ్లది ప్రేమే. కానీ నరం ద్వారా 12 గంటల్లో 100 మిల్లీలీటర్లకు మించి ఏది ఎక్కించినా నిషేధిత పద్ధతి కిందికి వస్తుంది, ఆ సీసాలో ఉప్పునీళ్లు తప్ప ఇంకేమీ లేకపోయినా సరే. ఆసుపత్రి చికిత్సలో, శస్త్రచికిత్సలో, పరీక్షల్లో భాగంగా ఇచ్చినదానికి మినహాయింపు ఉంది. ఇంట్లో మంచం పక్కన మేకుకు వేలాడదీసిన అర లీటరు సీసాకు లేదు. ఓఆర్ఎస్ తాగిస్తే సరిపోయే చోట పిల్ల భవిష్యత్తును పణంగా పెట్టకండి.

ఎలర్జీకి, వాపుకు ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ల గురించి (కండ పెంచే స్టెరాయిడ్లు వేరు) క్లుప్తంగా: అవి పోటీ సమయంలో నిషేధం, అంటే పోటీకి ముందు రోజు రాత్రి 11:59 నుంచి. కానీ మందు ఒంట్లో అంతకంటే చాలా కాలం మిగులుతుంది. ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్‌ను కండరానికి ఇస్తే 60 రోజుల దాకా జాగ్రత్తగా ఉండాలని వాడా చెబుతోంది. ఉక్కిరిబిక్కిరి చేసే ఎలర్జీకి డాక్టరు ఇచ్చిన సూదిని రెండు నెలల తర్వాత గుర్తుపెట్టుకునే పిల్లలు ఎంతమంది ఉంటారు?

టీయూఈలను అడ్డం పెట్టుకుని మోసం చేసేవాళ్లు లేరా అని మా తోటి ఉపాధ్యాయులు అడుగుతారు. బ్రిటిష్ సైక్లిస్టు బ్రాడ్లీ విగిన్స్ పేరు ఎత్తుతారు. 2012 టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన ఆయన ఆ పోటీకి కొద్దిరోజుల ముందు టీయూఈతో ట్రయామ్సినలోన్ సూది తీసుకున్నాడని 2016 హ్యాకింగ్‌లో బయటపడింది. ఎలర్జీకి, ఉబ్బసానికి తీసుకున్నానన్నాడు. నియమాలు ఉల్లంఘించలేదు. 2018లో బ్రిటన్ పార్లమెంటు కమిటీ మాత్రం ఆ మందును జబ్బుకోసం కాక పోటీలో మేలు కోసం వాడారని తప్పుపట్టింది, ఆయన ఖండించాడు. ఆ వివాదం వల్ల నియమాలు బిగిస్తే నేను సంతోషిస్తాను. కమిటీ ఎంత నిక్కచ్చిగా ఉంటే మా అమ్మాయి చేతిలోని అనుమతికి అంత విలువ. అందరికీ సులువుగా ఇవ్వరన్న నమ్మకం ఉంటేనే పక్క వరుసలోని పిల్ల తల్లి ఆమెను అనుమానంగా చూడదు. విలువిద్యలో, షూటింగ్‌లో చేయి వణకకుండా చేసే బీటా బ్లాకర్లకు అనుమతి దొరకడం చాలా కష్టం. రక్తపోటు ఉన్నవాళ్లకు అది బాధగానే ఉంటుంది. అయినా గురి చూసే ఆటలో ఆ మందు మామూలు ఆరోగ్యంతో ఆగదు, అంతకుమించి ఇస్తుంది. అక్కడ ఒప్పుకోకపోవడమే సరైనదని నేను అనుకుంటాను.

నాకు కోపం తెప్పించేది వేరే. నియమాలు తెలిసినవాడికి దారి దొరుకుతుంది, తెలియనివాడు జబ్బుతో పాటు మచ్చ కూడా మోస్తాడు. పెద్ద నగరాల్లో పిల్లలకు క్రీడా వైద్యులు ఉన్నారు. మా పిల్లలకు ఉన్నది మేము, ఊరి డాక్టరు, మందుల షాపు అబ్బాయి. ఈ ముగ్గురికీ తెలిస్తే సగం పని అయినట్టే. మందుల అసలు పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని వైద్యుల నియమావళిలో ఎప్పటి నుంచో ఉంది. ఆ ఒక్కటి పాటించినా చీటీలోని పేరును నాడా తెచ్చిన 'నో యువర్ మెడిసిన్' యాప్‌లో వెతికి చూసుకోగలం. చదవలేని రాతలో ఉన్న పేరును ఏ యాప్‌లో వెతకాలి?

మరో మాట. జాతీయ స్థాయికి చేరని పిల్లకు అనుకోకుండా పరీక్ష జరిగితే, చికిత్స కోసం వాడిన మందుకు తర్వాత దరఖాస్తు చేసుకునే అవకాశం తప్పనిసరిగా ఇవ్వాలని నియమం ఉంది. అయినా ఆ ధీమాతో కాగితాలు సిద్ధం చేయకుండా ఉండకండి. పోటీకి కనీసం 30 రోజుల ముందు దరఖాస్తు పంపండి. పూర్తి వివరాలతో ఉన్న దరఖాస్తుపై 21 రోజుల్లో నిర్ణయం చెప్పాలన్నది ప్రమాణం. ఒక్క పరీక్ష కాగితం తగ్గినా ఆ లెక్క మొదలవ్వదు. వచ్చిన అనుమతికి గడువు ఉంటుంది. మోతాదు ఎక్కువగా మారినా, మందు మారినా మళ్లీ చెప్పాలి. కాదంటే అప్పీలు చేసుకోవచ్చు.

మా అమ్మాయి ఇప్పుడు అనుమతి పత్రం నకలు ఒకటి బ్యాగులో, ఇంకొకటి ఇన్సులిన్ పెన్నులు పెట్టుకునే డబ్బాలో ఉంచుకుంటుంది. మూడోది నా దగ్గర. సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు పెన్నులను తడి ఇసుకలో పెట్టిన మట్టికుండలో దాస్తారు, ఇంట్లో ఫ్రిజ్ లేదు. ఈసారి 400 మీటర్లతో పాటు 800 కూడా పరుగెత్తుతానంటోంది. దూరం పెరిగితే చక్కెర వేరేలా ప్రవర్తిస్తుంది కాబట్టి డాక్టరు గారిని అడిగాకే చూద్దామన్నాను.

వచ్చే సీజన్ లోపల మా పట్టణంలోని క్లినిక్కులకు, మందుల షాపులకు ఇవ్వడానికి ఒక పేజీ కాగితం తయారు చేస్తున్నాను. క్రీడాకారులకు రాయకూడని దగ్గు మందులు, వాటి బదులు రాయదగినవి, సెలైన్ నియమం, టీయూఈ ఉత్తరంలో ఉండాల్సిన వివరాలు అందులో ఉంటాయి. తెలుగులో, పెద్ద అక్షరాల్లో. మీరు వైద్యులైనా, ఫార్మసిస్టులైనా ఆ కాగితం ఒకసారి చూసి సరిదిద్దితే మేలు చేసినవారవుతారు. అచ్చుకు పంపేముందు కనీసం ఇద్దరు వైద్యుల చేత చదివించాలని నా కోరిక. ఒకరు మా ఊరి డాక్టరు గారు, ఒప్పుకున్నారు. రెండోవారు కావాలి.